వెనుక చక్రము

అనకాపల్లి యనగానే సోదరీమణులకు మొట్టమొదట బెల్లము జ్ఞప్తికి వచ్చును. అందులో తప్పు లేదు. చెఱకు నరికెడి దినములలో తెల్లవారుజామున బెల్లపు బజారు వైపు నడచినచో, దిమ్మలు దించువారి కేకలును, వేలము పాడువారి గొంతులును, వాటితో కలిసిన తియ్యని వాసనయు దూరమునుండియే ఎదురువచ్చి పలుకరించును. ఊరి నొరసికొని శారదానది పాఱుచున్నది. శంకరము కడ బొజ్జన్నకొండపై బౌద్ధులు తొలిచిన గుహలును, కట్టిన ఇటుక స్తూపములును కలవు. గవరపాలెమున నూకాలమ్మ తల్లి కొలువై యున్నది. కొత్త అమావాస్య జాతరకు ఎచ్చటెచ్చటి జనమో వచ్చెదరు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీ నుండి మా యూరు ఒక జిల్లాకు ముఖ్యపట్టణము కూడ నైనది. వీనిని గూర్చి వ్రాయదలచినచో ఒక్కొక్కటియు ఒక వ్యాసమగును. నేను నేడు వ్రాయబోవునది మా పాత కారు యొక్క వెనుక చక్రమును గూర్చి. యాత్రలను గూర్చి వ్రాయవలసిన చోట చక్రము సంగతి యేమని నవ్వెదరు కాబోలు. చక్రము సరిగా తిరుగని నాడు మా యింట యాత్రయే ఆగిపోయినది, అందుచేత వ్రాయుచున్నాను.

మా యూరు దారుల కూడలి. ఒక దారి లంకెలపాలెము, గాజువాకల మీదుగా విశాఖపట్టణమునకు పోవును. రెండవ వైపున ఎలమంచిలి, తుని. లోపలికి చోడవరము, మాడుగుల. సముద్రము చూడవలెనన్న పూడిమడక. ఇవి కాక విశాఖ నగరములోనికి పోకుండ సబ్బవరము మీదుగా ఆనందపురమునకు ఆఱు వరుసల క్రొత్త రహదారి పడినది. ఇన్ని దారులుండగా కారు లేనివారికి కూడ కారెక్కవలెనని బుద్ధి పుట్టుట వింత కాదు. మా వారు పాఠశాలలో లెక్కలు చెప్పుదురు. ఆఱేండ్ల క్రిందట ఒక పాత మారుతి 800 కారును కొన్నారు. ఆ జాతి కారు మన దేశమున 1983 డిసెంబరులో మొదటిది బయటకు వచ్చినది. 2014 జనవరిలో చివరిది తయారైనది. మాది 2008 నాటిది. పదునైదేండ్లు నిండగానే పరీక్షకు నిలిపి, మఱి యైదేండ్లకు కాగితములు పొడిగించుకొంటిమి. మా అమ్మాయి దానిని ముసలి గుఱ్ఱమనును. మా వారికి ఆ మాట రుచింపదు.

ఈ గుఱ్ఱమునకు ఇంటిలో ముఖ్యమైన పని యొక్కటి. మా అత్తగారికి మధుమేహము వలన కంటి లోపలి పొర చెడుచున్నది. నెలకొకసారి విశాఖపట్టణమునకు తీసికొనిపోయి కంటిలో సూదిమందు వేయించవలెను. తప్పించినచో ఉన్న చూపు కూడ పోవచ్చునని వైద్యుడు గట్టిగా చెప్పియున్నాడు. పోవు దారి సుమారు 40 కిలోమీటరులు. బస్సు లున్నవి; కాని ఒక కంటికి కట్టు కట్టించుకొని వచ్చెడి డెబ్బదియేండ్ల మనిషిని గుంపులో నెక్కించి దింపుట యెట్టిదో చేసినవారికే తెలియును.

గడచిన శ్రావణములో చోడవరము వైపు ఒక పెండ్లికి పోయి రాత్రివేళ తిరిగి వచ్చుచుంటిమి. వాన కురిసి వెలిసినది. దారిలో నీరు నిలిచియుండుటచే గొయ్యి కనబడలేదు. ముందు చక్రము దానిని తప్పించుకొన్నది. ఎడమవైపు వెనుక చక్రము మాత్రము దబ్బున దిగి, లోన ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడయ్యెను. వారు దిగి, చేతిదీపముతో చూచి, టైరులో గాలి యున్నదని సంతోషించి, మరల బండి నడిపిరి. ఇంటికి సుఖముగా చేరితిమి. ఆ చప్పుడును ఆ రాత్రియే మఱచితిమి.

ఆ నెల విశాఖ ప్రయాణమున నాకు మొదటి సందేహము కలిగెను. లంకెలపాలెము దాటి కారు వేగమందుకొనగానే వెనుక పీట అడుగున ఏదో గడగడ వణకుట తెలియుచుండెను. చప్పుడని చెప్పుటకు లేదు. తిరగలి విసరుచున్న గదికి ప్రక్క గదిలో నేలపై పరుండినచో ఎట్లుండునో అట్లుండెను. వేగము తగ్గగానే పోవును; పెరుగగానే వచ్చును. నేను చెప్పితిని. మా వారు స్టీరింగుపై చేయి యుంచి, కొంతసేపు పరీక్షించి, "నాకేమియు తెలియుట లేదే! రోడ్డు గరుకుగా నున్నది" అనిరి. ఆయన అబద్ధమాడలేదు. ఆయన చేతికి నిజముగానే ఏమియు తెలియలేదు.

మఱుసటి నెల అత్తగారు "ఈ సారికి వద్దులే అమ్మాయీ, కన్ను బాగానే ఉంది" అనిరి. ఆ పై నెల ఏకాదశి యని వంక పెట్టిరి. నెలకొకసారి పడవలసిన మందు రెండు నెలలు పడలేదు. ఒకనాడు గుమ్మము దాటుచు, ఎదుటనున్న ఇత్తడి బిందెను చూడక కాలితో తన్నిరి. నాకు గుండె ఝల్లుమనెను. ఆ రాత్రి కాళ్ళొత్తుచు మెల్లగా అడిగితిని. "అత్తయ్యా, ప్రయాణమంటే ఎందుకు వెనుకాడుచున్నారు?" చాలసేపు మాటాడలేదు. పిమ్మట "ఆ బండిలో కూర్చుంటే వెన్ను పూసపూసా అదిరిపోతుందే. రెండు రోజులు లేవలేను. అబ్బాయితో చెబితే బండి అమ్మేస్తాడేమో, వాడికి అదంటే ప్రాణం" అనిరి. కొడుకు మనస్సు నొవ్వకుండుటకై కన్ను పోగొట్టుకొనుటకు ఆమె సిద్ధపడినది.

ఈ మాట విన్నంతనే మా వారు కారును ఒక షెడ్డుకు తీసికొని పోయిరి. ఆ షెడ్డు పేరు చెప్పను. వారు ముందు చక్రములు రెండింటిని ఊడదీసి, యంత్రముపై త్రిప్పి, అంచులకు సీసపు బిళ్ళలు తగిలించి, సొమ్ము పుచ్చుకొని పంపిరి. వణకు తగ్గలేదు. మరల పోగా నాలుగు చక్రములకును బిళ్ళలు వేసిరి. యంత్రము అన్నిటికిని సున్న చూపినదనియు, ఇక దోషము లేదనియు చెప్పిరి. మూడవ మాఱు పోయినప్పుడు "పాత బండి గదండీ, ఇంతే" అనిరి. పాత వస్తువునకును పాత మనిషికిని లోకము చెప్పెడి వైద్యము ఒక్కటే కాబోలు!

నాకు బడి చదువు లేదు. మా తాతగారు ఇంటిలోనే భారత భాగవతములు, కొంత సంస్కృతము చెప్పిరి. ఆయన చెప్పిన కథలలో కైక కథ యొకటి. దశరథుడు రాక్షసులతో పోరుచుండగా రథము ఇరుసు విరిగెననియు, రాజు దానిని గమనింపలేదనియు, ప్రక్కనున్న కైక తన చేతినే ఇరుసునకు బదులుగా నుంచెననియు పౌరాణికులు చెప్పుదురు. వాల్మీకి రామాయణమున నీ ఇరుసు ముచ్చట లేదు; అచ్చట ఆమె మూర్ఛిల్లిన భర్తను రణభూమి నుండి తప్పించినది మాత్రమే. కాని చిన్ననాడు నా మనస్సున నాటినది మొదటి కథయే. బాణములు వేయువానికి ఎదుటివాడు కనబడును గాని తన రథపు ఇరుసు కనబడదు. మా కారులో ముందు కూర్చుండువారు మా వారు. వెనుక కూర్చుండువారము మేము. చేయి ఇరుసులో పెట్టనక్కఱలేదు గాని, వెనుక తెలిసిన దానిని ముందువారికి తెలియునట్లు చూపు ఉపాయము కావలెను.

ఒక చెంబునిండ నీరు పోసి, వెనుక పీట క్రింద ఎడమవైపున నేలపై గుడ్డ పరచి పెట్టితిని. అట్టిదే మఱియొక చెంబు ముందు పీట కడ పెట్టి, మా అమ్మాయిని దాని కాపుగా నుంచితిని. ఉదయముననే, బండ్లు పలుచగా నున్నవేళ, క్రొత్త రహదారిపైకి పోయితిమి. నలుబది వేగమున రెండు చెంబులలోను నీరు మామూలుగా ఊగుచుండెను. ఏబది దాటినంతనే నా చెంబులో సన్నని వలయములు పుట్టినవి. అఱువదికి చేరగా నీరు బుడబుడ ఉడుకుచున్నట్లు లేచి గుడ్డను తడిపెను. అమ్మాయి చెంబులో అంత లేదు. "నీళ్ళు నీ దగ్గరే కాగుచున్నవమ్మా" అని అది కేకవేసెను. మా వారు బండిని ప్రక్కకు ఆపి, దిగి వచ్చి, ఆ తడిగుడ్డను చూచి, నావైపు చూచిరి. ఏమియు అనలేదు.

ఇంటికి వచ్చి పలక తీసికొని లెక్క వేసిరి. మా టైరుపై 145/70 ఆర్ 12 అని వ్రాసియుండును. దానినిబట్టి చక్రమొకసారి తిరిగినచో బండి ఇంచుమించు 1.6 మీటరులు సాగును. గంటకు 60 కిలోమీటరుల వేగమున సెకనుకు పదిసార్లకు పైగా తిరుగును. విశాఖకు పోవు నలువది కిలోమీటరులలో 25,000 సార్లు. చక్రమున ఒక్కచోట దోషమున్నను, తిరిగిన ప్రతిసారియు ఒక దెబ్బ. ఊయెలను దాని ఊపునకు సరిగా తోసినచో చిన్న చేయియైనను పెద్ద ఊపు పుట్టించును గదా. అట్లే చక్రపు దెబ్బ బండి క్రింది భాగము సహజముగా ఊగెడి లయతో కలిసిన వేగమున వణకు మిక్కుటమగును. అందుచేతనే నలుబదిలో లేనిది అఱువదిలో కనబడుట. పలక ప్రక్కన పెట్టి ఆయన "ఇరువదియైదు వేల దెబ్బలు! అమ్మ వెన్ను!" అని మెల్లగా అనుకొనుట నేను వంటింటిలోనుండి వింటిని.

మఱునాడు ఊరిలోనే రింగురోడ్డు దరినున్న ఒక చిన్న షెడ్డుకు పోయితిమి. అచ్చటి మేస్త్రి వృద్ధుడు. యంత్రములు ఎక్కువ లేవు. మా వారు చెప్పినదంతయు విని, "వెనక ఎవరు కూర్చుంటారండీ?" అని అడిగెను. ఇన్ని దినములకు ఆ ప్రశ్న అడిగినవాడు అతడొక్కడు. నేను చెప్పితిని. "ముందు చక్రం వంకరైతే స్టీరింగు ఊగుతుందమ్మా. వెనక చక్రమైతే సీటు ఊగుతుంది. మేష్టారికి తెలీదు" అనెను.

అతడు వెనుక ఎడమ చక్రమును ముందునకును, ముందుదానిని వెనుకకును మార్చి, మా వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని కొంతదూరము నడిపి వచ్చెను. తిరిగి వచ్చునప్పటికి మా వారి ముఖము చూడవలసినదే. రోగము చక్రముతో పాటు ముందునకు వచ్చి, స్టీరింగును రెండు చేతులతో పట్టుకొన్నను ఆగకుండ ఆడించినదట. దోషము ఇరుసుదియు కాదు, బేరింగుదియు కాదు, ఆ చక్రముదే యని అంతటితో తేలిపోయెను.

అటుపిమ్మట జాకీతో బండి లేపి, చక్రపు అంచునకు వెండ్రుకవాసి దూరమున సుద్దముక్కను కదలకుండ పట్టి, చక్రమును చేతితో త్రిప్పెను. బయటి అంచు చక్కగానే తిరిగెను. లోపలివైపు అంచు కడ పట్టగా ఒక్కచోట మాత్రమే సుద్ద అంటుకొని, తక్కినచోట్ల అంటలేదు. అక్కడ రిమ్ము సొట్టపడి, చిటికెనవ్రేలి గోరు దూరునంత ప్రక్కకు ఒరిగియున్నది. గోతి అంచు తాకినది లోపలివైపు. బయటినుండి చూచువారికి అది కనబడదు.

మఱి యంత్రము సున్న యెట్లు చూపెనని అడిగితిని. "తూకం వేరు, గుండ్రం వేరు అమ్మా" అనెను. ఆ మాట నాకు వెంటనే అర్థమయ్యెను. అప్పడాల కఱ్ఱకు రెండు కొసలు సమానమైన బరువుండవచ్చును. నడుమ వంకర యున్నచో పీటపై దొర్లించునపుడు ఎగిరెగిరి పడును. ఎంత సీసము కట్టినను వంకర కఱ్ఱ తిన్ననగునా?

అతడు సుద్దముక్కతో చక్రమును త్రిప్పుచుండగా మా తాతగారి పల్లెలో కమ్మరి బండిచక్రమునకు ఇనుప పట్టా ఎక్కించుట జ్ఞప్తికి వచ్చెను. పిడకల మంటలో పట్టా ఎఱ్ఱగా కాలి సాగును. ఇద్దరు పటకారులతో పట్టి తెచ్చి చెక్క చక్రమునకు తొడుగుదురు. వెంటనే నీరు గ్రుమ్మరించినచో బుస్సుమని ఆవిరి లేచి, ఇనుము కుదించుకొని, కీళ్ళన్నిటిని టకటక బిగించును. సంస్కృతమున నాభి, అరములు, నేమి యని మేము వల్లించుచుంటిమి. అరములను రైతులు ఆకులందురు. పని ముగిసిన పిమ్మట కమ్మరి చక్రమును ఇరుసుపై త్రిప్పి, ఒక కన్ను మూసి, ఒక పుల్లను అంచునకు దగ్గరగా పట్టి చూచెడివాడు. ఆ పుల్లయే ఈ సుద్దముక్క.

టైరును ఊడదీసినప్పుడు మఱియొక సంగతి బయటపడెను. లోపలివైపు గోడపై నిమ్మకాయంత ఉబ్బు. గోతిలో పడిననాడే రబ్బరు లోని దారములు తెగినవట. గాలిని ఆపుచున్నది పై రబ్బరు మాత్రమే. అది పెద్దరోడ్డుమీద ఏ క్షణమున నైనను పగులవచ్చునట. దానికి అతుకువేయు వైద్యము లేదట. ఆ టైరుపైననే గదా అత్తగారిని, పిల్లను కూర్చుండబెట్టుకొని విశాఖకు పోయి వచ్చితిమి! చెంబుల పరీక్షకు బయలుదేరినదియు దానిపైననే. నా తెలివికి మురిసికొన్న నేను ఆ పూట భోజనము చేయలేకపోతిని.

రిమ్ము ఉక్కుది గనుక వంకర తీయవచ్చునని మేస్త్రి చెప్పెను. వారు దీనిని బెండు తీయుట అందురు. అల్యూమినియపు చక్రములైనచో చీలిక పడు భయము హెచ్చు. చీలిక కనబడినచో ఉక్కుదానినైనను పాఱవేయవలసినదే. మాదానికి చీలిక లేదు. అయినను వంకర తీసినదానిని స్టెప్నీగా నుంచి, స్టెప్నీ రిమ్మును క్రిందికి దింపుమనెను. స్టెప్నీ టైరు క్రొత్తదానివలె నిగనిగలాడుచుండెను గాని, దాని ప్రక్కన వ్రాసిన నాలుగంకెలు చూపించెను. మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపునట. మాదానిపై చివరి అంకెలు 11. తిరుగకపోయినను రబ్బరు ముసలిదగును. కాబట్టి వెనుక రెండు చక్రములకును ఒకే జత క్రొత్త టైరులు కొనవలసి వచ్చెను. నెల చివరి దినములు. బియ్యపు డబ్బాలో నేను దాచినది బయటకు తీసితిని. మా వారు వలదనిరి, తరువాత పుచ్చుకొనిరి.

ఇంటిలో పాత కారు ఉన్న సోదరీమణులకు మేస్త్రి చెప్పిన గుర్తులు రెండు మూడు చెప్పి ముగించెదను. బండి నిలిచియుండగానే వణకినచో అది చక్రము కాదు. ఇంజను క్రింది రబ్బరు దిండ్లు చూపించుకొనవలెను. బ్రేకు త్రొక్కినప్పుడు మాత్రమే వణకినచో బ్రేకు పళ్ళెము చూపవలెను. వేగముతో వచ్చి వేగముతో పోవునది చక్రమునకు సంబంధించినది. వానకాలమున ఒక్కొక్కప్పుడు రిమ్ము లోపల బురద గడ్డకట్టినను ఇట్లే వణకును. ముందు కడిగి చూచుట మంచిది, అందుకు సొమ్మక్కఱలేదు. చక్రము ఊడదీసి మరల బిగించునపుడు దాని వెనుక త్రుప్పు, మట్టి లేకుండ తుడువవలెను. నట్టులను వరుసగా కాక ఎదురెదురుగా బిగించి, కొంతదూరము తిరిగిన పిమ్మట మరియొకసారి బిగింపు చూచుకొనవలెను. గోతిలో పడి ఇనుపచప్పుడైనచో బయటివైపు మాత్రమే చూచి సంతోషింపరాదు.

ఆదివారమున సబ్బవరము వఱకు పోయి వచ్చితిమి. చెంబు వెనుకనే పెట్టితిని. అఱువది, డెబ్బది, ఎనుబది. నీరు ఊగినదే గాని ఉడుకలేదు. మా వారు అద్దములో మాటిమాటికి చెంబును చూచుచు నడుపుచుండగా, దారి చూడుమని నేనే మందలింపవలసి వచ్చెను.

ఆ గురువారమున అత్తగారిని బయలుదేరదీసితిమి. ఆమె నమ్మలేదు. వెన్నుక్రింద రెండు దిండ్లు పెట్టించుకొని, రామనామము చేయుచు కూర్చుండిరి. లంకెలపాలెము వచ్చువఱకు నా చేయి విడువలేదు. అక్కడ బండి వేగమందుకొన్నది. కొంతసేపటికి ఆమె చేయి సడలినది. చూచితిని గదా, తల నా భుజముపై వాలియున్నది. గాజువాకలో ఎవరో హారను మ్రోగింపగా ఉలికిపడి లేచి, కొంగు సవరించుకొని, "అమ్మాయీ, లంకెలపాలెం వచ్చిందా?" అని అడిగిరి.